అవ్వ మాత్రలు

మౌళీ,

అవ్వ తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి, ఆమెను పిల్చుకొని నంద్యాలకు పోతాండా. అన్నం, పప్పు పొయ్యి మీద ఉండాయి. మధ్యాహ్నానికన్నా లేస్తే తిను. మూత తీసిపెట్టొద్దు, పిల్లి తిరుగుతాంది.

అవ్వ నొప్పి మాత్రలు నా సంచిలో ఉండాయి. ఇల్లంతా వెతికి అలిసిపోవద్దు. తుంటి విరిగింది ఆమెకు, మాత్రలు మింగేది నువ్వు. మంచి వైద్యమే.

అమ్మవారి విగ్రహానికి కండ్లు చెక్కే పని నాయన నీకియ్యలేదని అలిగినావంట. దేవుళ్లకు కండ్లు తెరిపించే ఇంట్లో పుట్టి, పట్టపగలు నీ కండ్లే తెరవలేకుండావ్. ఆ మత్తులో ఉలి పడితే అమ్మవారికి మెల్లకన్నే.

నొప్పి మాత్రల డబ్బాలో కాల్షియం మాత్రలు పోసిపెడితే అవ్వకు తెలియదనుకుంటివా? నాలిక మీద పెట్టుకోంగనే కనిపెట్టింది. నొప్పికి కొంగు నోట్లో కుక్కుకొని పండుకుంటాది గానీ నీ పేరు చెప్పదు. నేను అరిస్తే, "వానికి నాకన్నా పెద్ద నొప్పి ఏందో ఉంటాది, ఊరుకో" అనింది.

అక్క

మర్చిపోయినా. తిని వెనక బస్సుకు రా. డాక్టరు దగ్గర ఇద్దరి పేర్లు రాయించమనింది అవ్వ. ముందు నీదంట.