గొట్టం దగ్గర నీళ్ళు

1998 జనవరి 6
పొద్దున్నే జాలరి అప్పలరాజు పడవలో నేను, నాతో పరిశోధన చేసే సుధ. ఫ్యాక్టరీ నీళ్ళు సముద్రంలో కలిసే గొట్టం దగ్గర మా సన్న వల లాగాం. మిగతా చోట్ల వల చివరి సీసా జావలా చిక్కగా ఉంటుంది, అన్నీ జంతుప్లవకాలే, నీళ్ళలో తేలే సన్న ప్రాణులు. ఇక్కడ… తేట నీళ్ళు. సుధ నా చెయ్యి పట్టేసుకుంది. "ఏటే ఇది, అన్నీ సచ్చిపోనాయా?"

జనవరి 8
అప్పలరాజు ల్యాబ్‌కొచ్చాడు. భీమిలి వైపు నీళ్ళు మైక్రోస్కోపులో చూపించాను. గాజు ఒళ్ళు, పొడుగు మీసాలు, తటుక్కున గెంతడం. నీళ్ళలో కంటికానని పచ్చటి నాచు తిని ఇవి బతుకుతాయి, వీటిని తిని కవళ్ళలాంటి చిన్న చేపలు, కవళ్ళని తిని వంజరంలాంటి పెద్ద చేపలు.
"అయితే ఇవి నేకపోతే మాకు సేపల్లేవు."
అంతే.
"ఫ్యాక్టరీ గురించి మీటింగెడతారంట, అందులో సెప్పండమ్మా. మా మాట ఎవులింటారు?"
చెప్తాం అన్నాం ఇద్దరం.

జనవరి 19
రెండో గొట్టం వేస్తారట. దాని మీద జనం మాట వినే మీటింగ్ ఎల్లుండే. సుధ మాట్లాడుతుంది — మైకు ముందు నాకు గొంతు పెగలదు.

జనవరి 21
షామియానా. ముందు వరసల్లో అప్పలరాజు, వాళ్ళ పేట ఆడవాళ్ళు. సుధ లేచింది, నా నీలం చీర కట్టుకుని. "గొట్టం దగ్గర నమూనా మేం సరిగ్గా నిల్వ చెయ్యలేదు. పాడైపోయింది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం."
పాడవలేదు! పాడవకుండా ఫార్మలిన్ నేనే పోశాను, అప్పుడు సుధ పక్కనే ఉంది. లేచి నిలబడ్డాను. "మేడమ్ చెప్పారుగా, కూర్చోండి" అన్నాడు వేదిక మీది ఆఫీసరు. మైకు తీసేశారు. అరిచాను… చప్పట్లలో కలిసిపోయింది. అప్పలరాజు వెనక్కి తిరిగి చూశాడు. సుధని కాదు. నన్ను.

జనవరి 27
సుధకి ఉద్యోగం. ఆ ఫ్యాక్టరీలోనే. క్యాంటీన్లో ఎవరో చెప్పారు — ఇంటర్ నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్ళం, ఎవరో చెప్పాలి నాకు.

జనవరి 29
సుధ నా హాస్టల్‌కొచ్చింది. సింహాచలం ప్రసాదం తెచ్చింది. "నాన్న మంచం మీదున్నాడు, నీకు తెలుసు కదే." తెలుసు. అక్కడిదాకా జాలే. "నీ పేరు కూడా సెప్పానే. ఇంకో పోస్టుంది." అప్పుడు లేచి తలుపు తీసి పట్టుకున్నాను. ప్రసాదం బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఫిబ్రవరి 3
ఒక్కదాన్నే ఒడ్డుకి వెళ్ళాను. పాత సీసాని ఇక ఎవరూ నమ్మరు, గొట్టం దగ్గర మళ్ళీ వల లాగాలి, పడవ కావాలి. అప్పలరాజు తలెత్తలేదు. "దేనికమ్మా? మళ్ళీ పాడైపోద్ది."
జరిగిందంతా చెప్పాను. విన్నాడో లేదో. పడవ నీళ్ళలోకి తోసుకున్నాడు.
"రేపు పొద్దున్నే వస్తాను" అని అరిచాను.
రమ్మనలేదు. వద్దనీ అనలేదు.