నీళ్లు ముందా, దారి ముందా

జంగమకోటె

చిరంజీవి రక్షితకు అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. పట్టుపురుగులు కూడా క్షేమమే, ఆ సంగతి చివర్లో చెప్తాను. పుణెలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను.

నువ్వు పంపిన చీర మడతలో పెట్టిన ఉత్తరం చేరింది. మంచి పని చేశావు. ఫోనైతే మీ నాన్న పక్కనే కూర్చుని నాకంటే ముందు జవాబు చెప్పేస్తాడు. చీర రంగు నచ్చిందా అని అడిగావు. నచ్చింది. కానీ చీరకంటే ఉత్తరాన్నే ఎక్కువసార్లు విప్పి చూశాను.

మీ ఆఫీసు ప్రోగ్రాములో బిల్లుల భాగం తయారవ్వాలంటే ముందు స్టాకు భాగం కావాలట, స్టాకు భాగానికేమో ముందు బిల్లుల భాగం కావాలట. పాత కంప్యూటర్లలో ఎప్పుడో తయారైన ముక్కలు మిగిలి ఉండబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదట. కొత్త కంప్యూటర్లో మొదటినుంచి కట్టబోతే రెండూ మొండికేశాయట. అందరూ వరస మార్చి మార్చి విసిగిపోతే, రెండింటికీ కావలసిన చిన్న ముక్కను నువ్వు విడిగా తీసి, ముందు దాన్ని కట్టించావట. అబ్బ, నా బంగారు తల్లీ! ఇంత తెలివి నీకు ఎక్కడినుంచి వచ్చిందే? మీ నాన్న నుంచి మాత్రం కాదు.

చిన్నాయన నాన్నతో మాట్లాడుతున్నాడా అని కూడా అడిగావు. మీ తాత ఉన్నన్నాళ్లూ నీళ్లెవరివి, దారెవరిది అని ఎవరూ అడగలేదు. ఆయన పోయాక బోరు మన పాలికి, దారి మీ చిన్నాయన నాగేశ్ పాలికి వచ్చాయి. మీ నాన్న వాళ్ల తోటకు నీళ్లు ఆపాడు, నాగేశ్ మన దారికి అడ్డంగా కంచె వేశాడు. "ముందు వాణ్ని కంచె తియ్యమను, నీళ్లు ఇడుస్తా" అని మీ నాన్న. "ముందు అన్నను నీళ్లు ఇడవమను, కంచె తీస్తా" అని నాగేశ్. నీ ఉత్తరం వచ్చేనాటికి మన మల్బరీ తోటలో ఆకుంది, ఇంటికి తెచ్చే దారి లేదు. వాళ్లకు దారి ఉంది, తోట ఎండిపోతోంది. రెండిళ్ల పురుగులూ ఆకలికి తలలెత్తి చూస్తున్నాయి. ఇంకొక్క పూట మేత లేకపోతే పంట పోయినట్టే.

ఇప్పుడు చెప్తున్నాను, కోప్పడకు. మీ నాన్న బాగేపల్లి పెండ్లికి పోయిన రోజు, నీ ఉత్తరంలోని కిటుకు పట్టుకుని, నేనూ మీ పిన్నమ్మ సుజాతమ్మా కలిసి మన పురుగులన్నిటినీ వాళ్ల షెడ్డుకు మోసేశాం. వాళ్ల పురుగుల్లో కలిపేశాం. ఇంక ఏవి ఎవరివో తేల్చడం బ్రహ్మతరం కాదు.

మన ఆకు రాకపోతే తన పురుగులు చస్తాయని నాగేశ్ తనే పోయి కంచె పీకాడు. మీ నాన్న తిరిగొచ్చి అరిచిన అరుపులకు వీధంతా బయటికి వచ్చింది.

"ఎవుర్ని అడిగి చేసినావే ఈ పని?"

"రక్షితను అడిగి" అన్నాను.

 మన ఆకొక్కటే అన్నిటికీ చివరిదాకా చాలదని ఆయనకూ తెలుసు. మర్నాడు పొద్దున్నే మోటరు వేసి నీళ్లు తమ్ముడి తోటకు తిప్పాడు.

నీళ్లు పారాయి, దారి తెరుచుకుంది, మాటలు మాత్రం లేవు. ఇద్దరూ షెడ్డులో చెరో మూల నిలబడేవాళ్లు. నిన్న వాన పడింది. నాగేశ్ తడి ఆకు తట్టలో వేయబోతుంటే మీ నాన్న ఉండబట్టలేక, "ఒరే నాగేశా, తడాకు ఎయ్యొద్దురా, పురుగు సచ్చిపోతాది!" అన్నాడు.

నాగేశ్ తడి ఆకును పక్కకు తీశాడు. తర్వాత, "అట్లయితే రాన్నా, ఇద్దరం ఆరబెడదాము" అన్నాడు.

నేనూ పిన్నమ్మా గోడవెనక్కి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాం.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకున్న
అమ్మ