బానెట్ కింద వేడి

మార్చి 3, మంగళవారం

బానెట్ ఎత్తగానే వేడి మొహానికి కొట్టింది. బండి వచ్చి పావుగంటైనా తగ్గలేదు. పాత టర్బో డీజిల్. బ్యాటరీ పక్కన వైర్ల కనెక్టర్ కరిగి ముద్దయింది. పైన పెయింట్ పొక్కులు తేలింది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని ఓనర్ గోల. ఎలా లాగుతుంది? ఇంజిన్‌లోకి గాలి కొట్టే టర్బో ఒక చెంపతో చల్లగాలి పీల్చాలి, పొగ వెళ్ళే రెండో చెంప వేడికి అదీ ఉడికిపోతోంది.

ఓనర్ సర్వేయర్. కొండల్లో భూములు కొలుస్తాడు. మిగతా కస్టమర్లలా ఫ్యాన్ కింద కూర్చోలేదు. టార్చ్ తీసుకుని నా పక్కన నిలబడ్డాడు. టార్చ్ పట్టుకోవడం అందరికీ రాదు. చాలామంది నా కళ్ళలోకే కొడతారు. ఇతను నేను చూడబోయే చోటికి ముందే వెలుగు వేశాడు.

మెకానిక్‌గా ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. ఇవాళ చేతిలోంచి స్పానర్ జారింది.

మార్చి 5, గురువారం

కొత్త కనెక్టర్ వేశాను. అసలు జబ్బు అది కాదనీ, వేడిని పుట్టిన చోటే కప్పెయ్యాలనీ బాబాయ్‌తో అన్నాను. షెడ్డు బాబాయ్‌ది. పదిహేడేళ్ళ వయసులో పెళ్ళిచూపులు ఎగ్గొట్టి, కట్టిన చీరతోనే వస్తే, తిట్టకుండా చేతికి స్పానర్ ఇచ్చినవాడు. సరేనన్నాడు. టర్బోకి వేడి ఆపే బ్లాంకెట్, పొగ పోయే ఎగ్జాస్ట్ పైపుకి చుట్టే ర్యాప్. సరుకు రావడానికి రెండు వారాలు పడుతుంది.

ఈలోగా గురువారం గురువారం బండి తెచ్చి చూపించమని సర్వేయర్‌కి చెప్పాను. అవసరం లేదు. అయినా చెప్పాను.

మార్చి 12, గురువారం

తెచ్చాడు. చూశాను. బండిలో కొత్తగా ఏమీ లేదు. ఏమీ లేదని తేల్చడానికి గంటన్నర పట్టింది.

టీ తాగుతూ తన సంగతులు చెప్పాడు. భార్యతో విడిపోయి ఆరేళ్ళయిందట. అక్క ఒక్కతే ఉందట. నేనేమీ అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చిన మాట నిజం.

మార్చి 14, శనివారం

గురువారానికి ఇంకా ఐదు రోజులు. ముప్ఫై తొమ్మిదేళ్ళకి ఇదేం పోయేకాలం?

మార్చి 19, గురువారం

ఇవాళ పని చేశాను. పూర్తిగా రాస్తాను.

ముందు బ్లాంకెట్. పొగ వెళ్ళే వైపు మాత్రమే తొడగాలి. గాలి పీల్చే వైపు వదిలెయ్యాలి, లేదంటే దానికీ ఉక్కపోస్తుంది. తర్వాత ర్యాప్. పట్టీని బకెట్ నీళ్ళలో నానబెట్టి, చుట్టు మీద చుట్టు కొంచెం ఎక్కేలా లాగి చుట్టాలి. ఆరాక పైపుని పట్టుకుంటుంది. గాజుపీచు కదా, ఎంత గ్లౌజులు వేసుకున్నా ఒళ్ళంతా దురదే. ర్యాప్ మందం వల్ల పైపు పక్కన వేడికి అడ్డంగా ఉండే పాత హీట్‌షీల్డ్ రేకు మళ్ళీ పట్టలేదు. తీసి బెంచీ కింద పెట్టాను.

అతను టార్చ్ పట్టుకుని పక్కనే ఉన్నాడు. మొదటి వారం ర్యాప్ నుంచి పొగ వస్తుందనీ, భయపడి బండి ఆపొద్దనీ చెప్పాను. బుద్ధిగా తలాడించాడు. పట్టీ కొసని బిగించే చివరి స్టీల్ టై చేతిలోకి తీసుకున్నాను. దీంతో నా పీడ మీకు విరగడైనట్టే కదా అని నవ్వాడు.

అవునన్నాను.

ఆ టైని లాగి బిగించలేదు. దోపి వదిలేశాను. పది పదిహేను రోజుల్లో అదురుకి వదులై, పట్టీ కొస కింద టపటప కొట్టుకుంటుంది. ఏమిటా చప్పుడని వస్తాడు. అయ్యో అని నేను బిగిస్తాను. అంతే కదా.

అంతే.

మార్చి 20, శుక్రవారం

ఫోన్ చేశాడు. బండి బాణంలా దూసుకుపోతోందట. గంట నడిపాక కూడా బానెట్ మీద చెయ్యి ఆనుతోందట. ఇక మీకు శ్రమ ఇవ్వనండీ అన్నాడు. ఆ మాట అనడానికి ఫోన్ చెయ్యాలా?

మార్చి 22, ఆదివారం

షెడ్డుకి సెలవు. బట్టలు ఉతికాను. టపటప ఎప్పుడు మొదలవుతుందా అని లెక్కేసుకున్నాను. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. అయినా లెక్క ఆపలేదు.

మార్చి 24, మంగళవారం, సాయంత్రం ఆరు

ఇప్పుడే చేతులు కడుక్కుని రాయడానికి కూర్చున్నాను.

పొద్దున పదకొండింటికి బాబాయ్ బెంచీ కింద ఊడుస్తూ రేకు బయటికి లాగాడు. ఎవరిదని అడిగాడు. సర్వేయర్ బండిది, ర్యాప్ వేశాక పట్టలేదని చెప్పాను. ర్యాప్ గట్టిగా ఉంటే రేకుతో పనిలేదులే అని మూలకి విసిరాడు. గట్టిగానే ఉంది కదా అన్నాడు. ఆఁ అన్నాను.

ఆ రేకు నేల మీద పడిన చప్పుడుకి దాని పని గుర్తొచ్చింది. అది ఊరికే పెట్టిన రేకు కాదు. దాని వెనక, మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిప్పిపంపే రిటర్న్ గొట్టం ఉంది. రబ్బరుది. పైపుకి రెండు వేళ్ళ దూరం. పట్టీ ఊడితే అక్కడ ర్యాపూ ఉండదు, రేకూ ఉండదు. రబ్బరు కాలి పొగ వస్తుంది. పొగ వస్తే భయపడి ఆపొద్దని నేనే చెప్పాను. నోరారా చెప్పాను.

ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. అక్కని దింపడానికి కొండ దారిలో వెళ్తున్నాడట. బండి ఎలా ఉందని అడిగాను. బ్రహ్మాండంగా ఉందన్నాడు. పొద్దున్నుంచీ కొంచెం పొగ వాసన, మీరు చెప్పినదే కదా అన్నాడు.

"పక్కన ఆపండి. ఇంజిన్ ఆపేసి ఇద్దరూ దిగి దూరంగా వెళ్ళండి. బానెట్ ఎత్తకండి, నేను వస్తున్నాను."

బాబాయ్ వ్యాన్ తీశాడు. ఎందుకని అడగలేదు. గంటా పది నిమిషాలు రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు.

ఒక మలుపు దగ్గర బండి. కాస్త దూరంలో చెట్టు నీడన రాయి మీద వాళ్ళ అక్క, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని. పట్టీ రెండు చుట్లు ఊడి వేలాడుతోంది. రిటర్న్ గొట్టం పొంగింది. వేలితో నొక్కితే చిట్లి, డీజిల్ చెమ్మ గ్లౌజుకి అంటింది. ఇంకో పది కిలోమీటర్లు వెళ్ళుంటే ఏమయ్యేదో నాకు తెలుసు. కొత్త గొట్టం వేశాను. పట్టీ మళ్ళీ చుట్టాను. టై బిగించాను, దాని పక్కన ఇంకోటి కూడా. ఈసారి అతను దగ్గరికి రాలేదు.

లేచి చేతులు తుడుచుకుంటుంటే వచ్చాడు. పర్లేదండీ, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి, గుర్తొచ్చిన వెంటనే ఫోన్ చేశారు అన్నాడు. పైగా థాంక్స్ చెప్పాడు. బాబాయ్ కూడా అదే మాట అనబోయాడు. ఊఁ అంటే సరిపోయేది. నా మర్యాద, షెడ్డు మర్యాద రెండూ దక్కేవి. అతనూ మంచివాడిగా నవ్వి వెళ్ళిపోయేవాడు.

"పొరపాటు కాదండీ. కావాలనే బిగించలేదు. వదులైతే మళ్ళీ వస్తారని."

అర్థమైనట్టు అతని మొహం చెప్పింది. తర్వాత చెట్టు వైపు చూశాడు.

"అక్క మోకాలికి ఆపరేషనై నెల కాలేదు. మంటలొస్తే దిగగలిగేదా?"

అక్కని నడిపించుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. బండి కదిలింది. వాళ్ళ అక్క మాత్రం మలుపు తిరిగేదాకా మెడ తిప్పి నన్నే చూసింది.

మార్చి 25, బుధవారం

బాబాయ్ తిట్టలేదు. తిడితే బాగుండును. ఇకనుంచి టైర్లు, వైపర్లు చూసుకోమన్నాడు. బ్రేకులు, ఇంజిన్ తను చూసుకుంటాడట. ఎప్పటిదాకా అని అడిగే మొహం లేక తలూపాను. మధ్యాహ్నం తన క్యారియర్‌లోది సగం నాకు పెట్టాడు.

ఏప్రిల్ 2, గురువారం

పంక్చర్లు మూడు.

ఏప్రిల్ 9, గురువారం

పంక్చర్లు రెండు. వైపర్ బ్లేడ్లు ఒక జత.

బాబాయ్ సర్వేయర్‌కి ఫోన్ చేసి బండి సంగతి కనుక్కున్నాడట. అంతా బాగుందట. ర్యాప్ అంగుళం కదల్లేదట. నా గురించి ఏమైనా అడిగాడా అని నేను అడగలేదు. అతను అడగలేదని బాబాయే చెప్పాడు. ఎంత పక్కాగా చేశానంటే, ఇంకో రెండేళ్ళు ఆ బండికి నాతో పనిలేదు.

అతను రావాలని ఉంది. తిట్టడానికైనా రావాలని ఉంది. పక్కన నిలబడి, నేను అడగకముందే నాకు కావలసింది చూసిన మనిషి ఇంకొకరు లేరు. టార్చ్ ఎక్కడ వెయ్యాలో బాబాయ్‌కి కూడా అరిచి చెప్పాలి. ఇంత వయసొచ్చాక అది ఎంత పెద్ద విషయమో తెలిసింది. దాన్ని దక్కించుకోవడానికి వాళ్ళ అక్కని ఆ బండిలో కాల్చినంత పని చేశాను. రెండూ నిజమే. రెండూ నేనే.

ఏప్రిల్ 16, గురువారం

బాబాయ్ ఒక బండికి బ్రేక్ ప్యాడ్లు వెయ్యమన్నాడు. వేశాక, వంగి ప్రతి బోల్టూ తనే చూశాడు. అన్నీ చూశాక ఇంకో బండి తాళం చేతిలో పెట్టాడు. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఏప్రిల్ 23, గురువారం

పదింటికి సర్వేయర్ వచ్చాడు.

జాబ్ కార్డులో బండి జబ్బు రాయనిదే బాబాయ్ ఏ బండినీ షెడ్డులోకి రానివ్వడు. పెన్ను తీసి కంప్లైంట్ ఏమిటని అడిగాడు. ఏమీ లేదన్నాడు అతను. బాబాయ్ అతన్ని చూశాడు. నన్ను చూశాడు.

కంప్లైంట్ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను.