నాన్న అందించిన కుమిస్

బిష్కెక్

అమ్మకు, నాకు ఒంట్లో బాగానే ఉంది, దిగులుపడకు.

కళ్లకు పెట్టెలాంటిది తగిలించుకుంటే చుట్టూ కనబడే నా సినిమాను ఇక్కడి సినిమా ఉత్సవానికిచ్చాను. వేసవిలో తీసేటప్పుడు మన గుడారంలో అతిథి కూర్చునే చోట కెమెరా పెడితే, నాన్న దానికీ పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె అందించాడు, గుర్తుందా? "అది తాగదు నాన్నా" అంటే, "తాగడం దానిష్టం, ఇవ్వకపోతే నాకు సిగ్గురా" అన్నాడు. ఇక్కడ ఎంపిక చేసే పెద్దమనిషి, "జనం నవ్వుతారు తమ్ముడూ, ముసలాయన ముక్క కోసెయ్, తీసుకుంటాం" అన్నాడు. నాన్నకు మట్టిచ్చి నెల కాలేదు, మళ్లీ నా చేత్తో చెరపాలా? సినిమా వెనక్కి తెచ్చేశాను.

చెల్లి దగ్గు తగ్గిందా? నాన్న టోపీ ఎవరికీ ఇవ్వకు. నాన్న నలభయ్యో రోజుకు వచ్చి, ఆ పెట్టె నీ కళ్లకు తగిలించి సినిమా నీకే చూపిస్తాను. నాన్న నీకు గిన్నె అందిస్తాడు. చెయ్యి చాచకమ్మా, అందదు.

నన్ను దీవించు.
తిలెక్