దుప్పటి వీరుడు

పెనుబల్లి,
16 మార్చి 2004

ప్రియమైన అక్సాకు,

ప్రభువు నామంలో శుభాలు. నువ్వు చర్లకు వెళ్ళి రెండు నెలలు అవుతోంది. నీ గురించిన మొదటి వార్త నీ ఉత్తరంలో కాక మీ హాస్టల్ వార్డెన్ ఇన్నయ్య నోటి నుంచి విన్నాను. మొన్న మన మందిరానికి వచ్చి, అందరి ముందూ, "మీ అక్సా టీచర్ భలే చెప్తున్నదమ్మా! టీవీల ఎగిరేటోని కథ చెప్పి పిల్లలందరిని సండే స్కూలుకు గుంజుకొస్తున్నది" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఇంకేం చేయను?

నీ పదకొండో ఏటి నుంచి నిన్ను పక్కన నిలబెట్టుకొని, ఫ్లానెల్ బోర్డు మీద ఏ కాగితం బొమ్మ ఎప్పుడు అతికించాలో, ఎప్పుడు తీయాలో నేర్పాను. పన్నెండేళ్ళ చదువుకు ఇదా ఫలితం?

ఆ ఎగిరేవాడి బొమ్మ పక్కింటి పిల్లవాడు చిరంజీవి బడి సంచి మీద ఉంది. సంచిని ఎండలోకి తెచ్చి, దగ్గరగా పెట్టుకొని మరీ చూశాను. పత్తి కుక్కిన బోరేల్లాంటి భుజాలు. లోపల వేసుకోవలసింది ప్యాంటు పైన వేసుకున్నాడు. మెడకు దుప్పటి. కళ్ళకు ముసుగు. మంచి పని చేసేవాడికి ముసుగెందుకమ్మా? మార్కెట్ యార్డులో మిరపకాయలు ఎత్తుకుపోయేవాడికి కావాలి గానీ.

మే పదో తారీఖున మన వీబీఎస్ మొదలవుతుంది. పది రోజులు, నూట ఇరవై మంది పిల్లలు. ఈ వేసవి బైబిలు తరగతులు నేను ఒక్కదాన్నే నడుపుకుంటాను, అక్సా రానక్కర్లేదని పాస్టరుగారికి చెప్పేశాను. నువ్వు ఆ దుప్పటివాడి సేవలోనే ఉండు.

ఇట్లు,
హెప్సిబా టీచర్


చర్ల,
25 మార్చి 2004

ప్రియమైన టీచరమ్మకు,

వందనాలు. మీ ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. రెండుసార్లు చదివితే గానీ అవి తిట్లని తెలియలేదు.

ఇక్కడ ఆదివారం తొమ్మిదింటికి పిల్లలు టీవీ ముందు నుంచి కదలరు. మొదటి వారం "లేవండి, ప్రార్థనకు టైమైంది" అన్నాను. మంగ్లి అని ఏడేళ్ళ పిల్ల, వెనక్కి కూడా తిరగకుండా, "ఆగు టీచర్, గురువును పట్టుకున్నరు. శిష్యుడొస్తుండు" అంది. లేపలేక నేనూ కూర్చున్నాను. టీవీ కట్టేశాక ఏలీయా, ఎలీషాల కథ మొదలుపెట్టి, "వీళ్ళు కూడా గురువూ శిష్యుడే" అన్నాను. ఒక్కరూ లేచిపోలేదు.

ఆ దుప్పటివాడి పేరు వజ్రబాహుడు. వాడి వెంట తిరిగే పిల్లవాడు మిణుగురు. ఒక వారం కథ మీకు చెప్పాలి. మంటల్లో దిగి వజ్రబాహుడు కళ్ళు పాడుచేసుకుంటాడు. ఎవరికీ చెప్పడు. అలవాటు కొద్దీ దూకుతుంటాడు, కొడుతుంటాడు. ఒకరోజు దొంగను వదిలేసి కాపలావాడిని స్తంభానికి కట్టేస్తాడు. మిణుగురు మాట్లాడకుండా కట్లు విప్పి, దొంగను తెచ్చి కడతాడు. జనం చూస్తారు. గురువుకు రోషం వస్తుంది. "ఇక నీతో పనిలేదు" అని పిల్లవాడిని వేరే ఊరికి పంపేస్తాడు.

మిగతాది నేను చెప్పను. ఏప్రిల్ పదిహేడు, శనివారం సాయంత్రం ఐదింటికి అదే కథ మళ్ళీ వేస్తారట. మీరే చూడండి.

మీ
అక్సా


పెనుబల్లి,
1 ఏప్రిల్ 2004

ప్రియమైన అక్సాకు,

శుభాలు. నీ వజ్రబాహుడిని చూసి జాలిపడాలా? వాడు నిజంగా గురువైతే "నాకు కనపడటం లేదురా" అని ఒక్క మాట చెప్పేవాడు. వెంట తిరిగే పిల్లవాడి దగ్గర దాచిపెట్టడం కూడా ఒక వీరత్వమేనా? కథ రాసినవాడే వీడి చేత కాపలావాడిని కట్టించాడంటే, రాసినవాడికీ వీడి మీద గౌరవం లేదన్నమాట.

ఈ కథ నాకెందుకు చెప్పావో తెలియని దాన్ని కాదు. జనవరిలో జరిగింది మనసులో పెట్టుకున్నావు. అగ్ని రథంలో పరలోకానికి వెళ్ళవలసిన ఏలీయాను నేలమీద ఉంచి, ఎలీషాను రథం ఎక్కించాను. అవును. ఆ బొమ్మలు నా పెళ్ళి కాకముందువి, రంగులు వెలిసిపోయాయి. పిల్లలు నవ్వారు. నువ్వు లేచి వచ్చి, తల్లిదండ్రులందరూ చూస్తుండగా, రెండు బొమ్మలూ పీకి అటుదిటు ఇటుదటు పెట్టావు. నా చెవిలో చెప్పలేకపోయావా? చర్లలో టీచరు కావాలంటే నీ పేరు ఇచ్చింది అందుకే. దాచుకోవలసిన అవసరం నాకు లేదు.

వెలిసిపోయింది బొమ్మలే. ఇంకేమీ కాదు.

ఇట్లు,
హెప్సిబా టీచర్


చర్ల,
8 ఏప్రిల్ 2004

ప్రియమైన టీచరమ్మకు,

వందనాలు. చెవిలో చెప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. మీరు బోర్డు వైపే చూస్తూ, "ఇదే ఏలీయా, నాకు తెల్వదా?" అన్నారు. ముందు వరసలో వాళ్ళకు వినపడింది కూడా.

మీరు మొదటి ఉత్తరంలో వజ్రబాహుడిని తిట్టిన తిట్లు ఇక్కడి పిల్లలకు చదివి వినిపించాను. పగిడయ్య అనే పిల్లవాడికి కోపం వచ్చింది. మంగ్లి మాత్రం "ఆ టీచరమ్మను ఈడికి తోల్కరా, మస్తు తిడుతది" అంది.

పదిహేడున చూడండి. చూశాక కూడా నన్ను వీబీఎస్‌కు రావద్దంటే రాను. మళ్ళీ అడగను. కానీ చూడకుండా అనొద్దు.

మీ
అక్సా


పెనుబల్లి,
19 ఏప్రిల్ 2004

ప్రియమైన అక్సాకు,

ప్రభువు నామంలో శుభాలు. నేను చెబుతుంటే ఈ ఉత్తరం పక్కింటి నాగలక్ష్మి, మన చిరంజీవి వాళ్ళమ్మ, రాస్తోంది. మధ్యలో నవ్వకూడదని ముందే మాట తీసుకున్నాను.

శనివారం వాళ్ళింటికి వెళ్ళి టీవీకి జానెడు దూరంలో కూర్చున్నాను. ఎర్ర మరక ఒకటి నీలం మరక మీద పడింది. నీలం మరక లేచి ఎర్ర మరకను తన్నింది. అరగంటసేపు అంతే. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి కాబట్టి, ఆ గురువు శిష్యుడితో మాట్లాడిన మాటలు లెక్కపెట్టాను. రెండు. "పద" అన్నాడు, "దూకు" అన్నాడు. నేను నీకు నిర్గమకాండం మొత్తం నేర్పాను.

చివరికి ఉండబట్టలేక, "వీడి కళ్ళు పోయేది ఎప్పుడురా?" అని చిరంజీవిని అడిగాను.

"ఏ కళ్ళు అమ్మమ్మా? ఆయనకేం కాలే. చీకట్ల చీమ గూడ కనపడ్తది ఆయనకు" అన్నాడు.

"కాపలావాడిని కట్టేస్తాడంట కదా?"

"ఎవలు చెప్పిండ్రు నీకు? గట్ల ఏం లేదు."

ఎవరు చెప్పారో వాడికి చెప్పలేదు. సండే స్కూలు టీచరు అబద్ధమాడిందని పిల్లవాడికి ఎలా చెప్పను? నేను చూడగలిగితే నీ అబద్ధం దొరికిపోతుంది. చూడలేకపోతే నా అబద్ధం దొరికిపోతుంది. ఉచ్చు బాగానే బిగించావు. నీ దుప్పటివాడికి ఇంత బుర్ర లేదు.

క్రిస్మస్ నుంచి కళ్ళకు పాల మీద మీగడలా ఏదో అడ్డం పడుతోంది. నీ ఉత్తరాలు ఎండలో కళ్ళకు ఆనించుకొని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. మందిరంలో బైబిలు తెరిచి చదివినట్టు నిలబడుతున్నాను గానీ, చెప్పేదంతా కంఠతా వచ్చినదే. మొన్న తలకిందులుగా పట్టుకున్నానట. నాగలక్ష్మి ఇప్పుడు చెబుతోంది. ముసుగు మిరపకాయల దొంగకు కావాలని రాశాను కదా, ఆ ఉత్తరం చింపెయ్యి.

పాస్టరుగారితో మాట్లాడాను. నువ్వు వచ్చే సోమవారం బస్సెక్కు. ఖమ్మంలో కంటి డాక్టరు దగ్గరికి నన్ను నువ్వే తీసుకెళ్ళాలి. మే పదిన కథ నేను చెబుతాను, బోర్డు నువ్వు చూసుకో. నేను ఒక బొమ్మ పేరు చెప్పి ఇంకొకటి చూపిస్తే ముందు చెవిలో చెప్పు. వినకపోతే అందరి ముందూ మార్చు. ఈసారి నిన్ను ఎక్కడికీ పంపను.

నా బొమ్మల పెట్టె ఇక నీది. వజ్రబాహుడి బొమ్మ ఒక్కటి దాంట్లో కనిపించిందంటే మాత్రం, కనపడని కళ్ళతోనైనా వెతికి పారేస్తాను. రథం ఎక్కి పోతూ ఏలీయా తన దుప్పటి కింద పడవేశాడు కాబట్టే శిష్యుడు ఎలీషాకు దొరికింది. వీడు మెడకు ముడేసుకొని తిరుగుతున్నాడు. ఎవరికిస్తాడు?

నీ
హెప్సిబా టీచర్
(సంతకం నేనే చేశాను. గీత దాటి ఉంటే చూసి సర్దుకో.)