తొమ్మిదో ప్రశ్నలో లేని గడి

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అమ్మ మోకాలు మాత్రం డాక్టరు మాట వినడం మానేసింది. అక్కడ నువ్వు, మరదలు, కడుపులోని బిడ్డ కులాసాగా ఉన్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం సోమవారం చేరింది. అడిగినవాటికి వరసగా జవాబులు. కళ్ళద్దాలు మార్చాను. అమ్మ రోజూ పాలు తాగుతోంది, నన్ను తిడుతూనే. మరదలి కాళ్ళ వాపు సంగతి నన్నడిగితే లాభం లేదు. నేను డాక్టర్నే గాని నువ్వనుకునే డాక్టర్ని కానని పదేళ్ళుగా చెబుతున్నాను. ఎనిమిదో నెలలో వాపుని తేలిగ్గా తీసుకోకూడదని మాత్రం తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్ళి బీపీ చూపించు. ఈ వారమే.

నీ చివరి ప్రశ్నకి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో నువ్వు రాసినదాన్ని మళ్ళీ రాస్తున్నాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నువ్వే చూసుకో. పోయిన నెల ఉయ్యాల ఎక్కడ కట్టాలన్నదాని మీద మరదలితో మాటామాటా పెరిగింది. నువ్వు స్టూలుని తన్నావు. అది గోడకి తగిలి విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడే నువ్వు పనిచేసే లిఫ్టుల షెడ్డు పైనున్న గదికి సామాను మార్చుకున్నావు. తాగడం మానేసి తొమ్మిదేళ్ళయినా లోపలి మనిషి మారలేదని నీ భయం. "నాన్న చుక్క ముట్టలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మరి నాకిది పుట్టుకతోనే వచ్చిందిగా? బిడ్డ పుట్టాక నేను ఇంట్లో ఉండొచ్చా, దూరంగా ఉండాలా? నీ పరిశోధన ఇదేగా అక్కా, లెక్క చూసి చెప్పు" అని రాశావు.

చెబుతాను. ముందు ఆ పరిశోధనలో జరిగింది వినాలి.

మేం చేస్తున్నది ఏమిటో నీకు కొంత తెలుసు. ఆరు కాలేజీలు, పదహారు నుంచి ఇరవై ఒక్క ఏళ్ళ మధ్య పిల్లలు, మొత్తం పదకొండు వందల నలభై మంది. ఎవరు మత్తుకి అలవాటు పడే ప్రమాదంలో ఉన్నారు, ఎవరికి చెయ్యి లేస్తుంది, ఈ రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయి అన్నది విషయం. కాగితం మీద పేరుండదు, నంబరే; ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా విడిగా తాళంలో ఉంటుంది. ప్రశ్నలు నలభై. వాటిని తయారుచేసింది నేను.

తొమ్మిదో ప్రశ్న ఇది: మత్తు కలిగించేది మొదటిసారి మీకు ఎవరిచ్చారు? కింద నాలుగు గడులు. స్నేహితులు, సీనియర్లు, కొట్టువాళ్ళు, ముక్కూమొహం తెలియనివాళ్ళు. అచ్చుకి పంపే రోజు మా దగ్గర సర్వే చేసే అమ్మాయి అడిగింది.

"మేడమ్, ఇంట్లోవాళ్ళు అని ఇంకో గడి పెడదామా?"

"ఇంట్లోవాళ్ళు ఎవరిస్తారమ్మా? పేజీ నిండిపోయింది, వదిలెయ్" అన్నాను.

పేజీ నిండలేదు. అడుగున రెండు వేళ్ళంత జాగా ఉంది.

మూడు వారాల క్రితం ఆ అమ్మాయే మొదటి విడత సర్వేలోని ఒక పాత కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పంతొమ్మిదేళ్ళ పాలిటెక్నిక్ విద్యార్థినిది. తొమ్మిదో ప్రశ్నకి నాలుగు గడులూ ఖాళీ. పక్కన అంచు మీద పెన్సిల్‌తో చిన్న అక్షరాలు: "మా పెద్దక్క. నేను గొడవ చెయ్యకుండా పడుకుంటానని."

"దీన్ని కంప్యూటర్లో ఎలా ఎక్కించారు?" అన్నాను.

"జవాబు లేదు అని, మేడమ్."

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"వెతకలేదు. అంచుల మీద రాసినవి ఎక్కించొద్దని మీరే అన్నారుగా."

నలుగురం కూర్చుని రెండు రోజులు వెతికాం. గడుల బయట రాసినవాళ్ళు యాభై ఏడుగురు తేలారు. అమ్మ. బాబాయి. పంటినొప్పికి తాతయ్య. పరీక్షలప్పుడు నిద్ర రాకుండా అన్నయ్య. అంచు మీద రాసే ధైర్యం లేక ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి ఊరుకున్నవాళ్ళు ఎందరో తెలియదు. నేను అడగలేదు కనుక వాళ్ళు చెప్పలేదు.

ఆ గడిని నేనెందుకు వద్దన్నానో ఇప్పుడు రాస్తున్నాను. ఇది నీకు ఇరవై ఏళ్ళ క్రితమే తెలియాల్సింది.

నువ్వు అందరితో చెప్పే మాట, పదమూడో ఏట మందుల కొట్టు వెనక మన వీధి సోడాబుడ్డిగాడు దగ్గు మందు సీసా చేతికిచ్చాడని. సోడాబుడ్డిగాణ్ణి అప్పటినుంచీ మనింట్లో తిడుతూనే ఉన్నారు. కానీ నీ మొదటిసారి అది కాదు.

నాన్న పోయిన ఏడాది నీకు పదేళ్ళు, నాకు పదిహేడు. అమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు. సాయంత్రం ఆరయ్యేసరికి నీకు ఏడుపు మొదలయ్యేది. పుస్తకాలు విసిరేవాడివి, తలుపు తన్నేవాడివి, పక్కింటాయన గోడ మీద కొట్టేవాడు. నాకు నాలుగు నెలల్లో ప్రవేశ పరీక్ష. వానల్లో నీకు దగ్గు వచ్చింది. కాంపౌండరు ఒక సీసా ఇచ్చాడు. మూతతో ఒకసారి పోస్తే ఏడింటికల్లా నిద్రపోయావు. ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ రోజు రెండు పాఠాలు పూర్తిచేశాను.

దగ్గు వారంలో తగ్గింది. మందు ఆపలేదు. పరీక్ష అయ్యేదాకా, నాలుగు నెలలు, దాదాపు ప్రతి సాయంత్రం పోశాను. మొదట ఒక మూత, తర్వాత రెండు. చివర్లో నువ్వే "అక్కా, మందు" అని వచ్చి నిలబడేవాడివి. నాకు సీటొచ్చింది, హాస్టలుకి వెళ్ళిపోయాను. నీకు పదిహేనేళ్ళప్పుడు అదే సీసా ఇవ్వమన్నారని మందుల కొట్టు అద్దం పగలగొట్టావు. కొట్టు కుర్రాడి చేతికి కుట్లు పడ్డాయి. నువ్వు పోలీసు స్టేషన్లో కూర్చున్న రోజు నేను సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. "వీడు తేడాగా పుట్టాడు" అని అమ్మ అంటుంటే తలూపాను. అప్పటికి మానసిక శాస్త్రంలో నాలుగేళ్ళ చదువు పూర్తయింది.

ఇదంతా మా శాఖ పెద్దాయనకి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ యాభై ఏడునీ 'ఇతరులు' కింద వేసేస్తే సరిపోదా?"

"సరిపోదు సార్. మిగతావాళ్ళని అసలు అడగనే లేదు."

"అయితే కారణం కాగితం మీద పెట్టాలమ్మా."

పెట్టాను. వచ్చే నెల సమావేశానికి పంపిన వ్యాసం వెనక్కి తీసుకున్నాం. తొమ్మిదో ప్రశ్నని అందరినీ మళ్ళీ అడుగుతున్నాం. ఆ పని నా చేతిలో పెట్టలేదు, నేనూ అడగలేదు.

నీ ఉత్తరం రావడానికి ముందురోజు, ఆదివారం పొద్దున్న, అమ్మకి చెప్పాను, నీ చిన్నప్పటి ముద్దుపేరుతోనే. బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, గండుచీమకి దగ్గు తగ్గాక కూడా మందు పోశాను. నాలుగు నెలలు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"అయిపోయిన సీసా మళ్ళీ ఎలా నిండిందనుకున్నావే? కొట్టుకి నువ్వు వెళ్ళావా?"

నేను వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

"మరి ఆపలేదేం?"

"నువ్వు చదవాలి. వాడు ఏడుపు ఆపాలి. నేను డ్యూటీకి పోవాలి. ఎవర్ని ఆపమంటావ్?"

"తేడాగా పుట్టాడని ఊరంతా చెప్పావు కదమ్మా."

"ఇంకేం చెప్పాలి? మేమే పోశామనా?"

మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టింది. "వాడికి రాస్తే నన్ను కూడా కలిపి రాయి. నువ్వొక్కదానివే చేసినట్టు రాయకు" అంది. అందుకే కలిపి రాశాను.

ఇక నీ ప్రశ్న. ఆ మందు వల్లే నువ్వు అలా అయ్యావని నేను చెప్పలేను. అదే మందు తాగి మర్చిపోయిన పిల్లలూ ఉంటారు. ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పే శక్తి మా పట్టికలకి లేదు. అయితే నువ్వు పుట్టుకతోనే ఇంత అని కూడా ఎవరూ చెప్పలేరు. ఆ మాట అన్నవాళ్ళం మేమిద్దరం, ఎందుకన్నామో ఇప్పుడు నీకు తెలుసు. లెక్క అడిగావు కనుక ఒకటి రాస్తాను. మా అధ్యయనంలో అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నారని తేలిన నూట ఆరుగురిని రెండేళ్ళ తర్వాత మళ్ళీ కలిశాం. ఆ రెండేళ్ళలో ఎవరినీ కొట్టనివాళ్ళు డెబ్బై ముగ్గురు. కొట్టినవాళ్ళు ముప్పై ముగ్గురు. రెండో అంకెని నీ దగ్గర దాచను.

అందుకే ఇంటికి వెళ్ళాలా వద్దా అన్నది నేను తేల్చేది కాదు. మరదలిని అడుగు. స్టూలు విరిగినప్పుడు తనకి ఏమనిపించిందో అడిగి, మధ్యలో అడ్డు తగలకుండా విను. భయంగా ఉందంటే ఆమె మాటే చెల్లాలి. మీ పెద్దాసుపత్రిలో కౌన్సెలింగ్ చేసే ఆవిడ చిరునామా వేరే కాగితం మీద రాశాను. నా స్నేహితురాలు కాదు, నా గురించి ఆమెకి ఏమీ తెలియదు. నీ కథ నీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోవచ్చు.

ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రావాలి. మేం నీ చిన్నతనంలో ఒక పని చేసి, పెద్దయ్యాక దాన్ని నీ పుట్టుకకి అంటగట్టాం. ఈ కోపం రక్తంలోంచి వచ్చిందని అనుకోకు. దీనికి కారణం ఉంది, మనుషులున్నారు, కవరు వెనక చిరునామా ఉంది. ఎంత తిట్టాలనుంటే అంతా రాసి పంపు. క్షమించమని అడగడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను: మరదలు సరేనంటే, ఆ తిట్లు షెడ్డు గదిలో కాకుండా ఇంట్లో కూర్చుని రాయి.

ఇట్లు,
నీ అక్క,
ఇదంతా చదివి వినిపించినా ఒక్క మాట కూడా కొట్టెయ్యమని అనని అమ్మ.