హంతకుడి పేరు కార్డులో రాయొద్దు

పుంగనూరు, 9-8-1979

అన్నకు పంకజ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా.

పెళ్లికి నువ్విచ్చిన రేడియోకు చేతులెత్తి మొక్కాలి. ఇన్నాళ్లూ "ఏమ్మే" అని తప్ప పిలవని అత్త, వారం వారం వచ్చే ఆ హత్య నాటకం మొదలయ్యాక నా పక్కనే పీట వేసుకుని కూర్చుంటోంది. "ఆ వకీలే సంపినాడు పంకజా, ఎట్ల నగుతాండాడో ఇను" అంటుంది. నిన్న ఆఖరి భాగంలో హంతకుడి పేరు చెప్పబోతుండగా సెల్లులు అయిపోయాయి. పాపం, అత్తకు సంగటి కూడా సయించలేదు.

కుప్పంలో నువ్వు వినే ఉంటావు. ఆ పేరు రాసి పంపు. కార్డులో మాత్రం వద్దు, కవరులో పెట్టు. మా పోస్టుమాన్ వహాబ్ సాహెబు, చదువు రానివాళ్లకు చదివిపెట్టే అలవాటుకొద్దీ, ఏ కార్డైనా వాకిట్లోనే గట్టిగా చదివేస్తాడు.

వదినకు దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తే కాస్త చింతపండు పంపండి. పిల్లలకు నా దీవెనలు.

వకీలు కాకపోయినా సరే, నువ్వు నిజమే రాయి. అత్తకు చదివి వినిపించేది నేనే కదా. మా ఇంట్లో మాత్రం చంపింది వకీలే.

నీ చెల్లెలు
పంకజ